తూటాల బెల్టు

మెషిన్‌గన్ నిమిషానికి ఆరేడు వందల తూటాలు కాల్చగలదు. 30 తూటాల మ్యాగజైన్ తగిలిస్తే మూడు సెకన్లలో ఖాళీ అయిపోతుంది. అందుకే దానికి తూటాలను వరసగా కూర్చిన బెల్టు కావాలి. ఆ బెల్టును కాల్చే చోటికి ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. 7.62 మిల్లీమీటర్ల నాటో తూటా ఒక్కోటి దాదాపు 24 గ్రాములుంటుంది. లింకులతో కలిపి నూరు తూటాల బెల్టు సుమారు 3 కిలోలు తూగుతుంది. నిమిషానికి 600 చొప్పున ఆగకుండా పేలిస్తే ఆ 3 కిలోలు పది సెకన్లలో అయిపోతాయి. ఈ లెక్క తెలిస్తే, మెషిన్‌గన్‌కు ఇద్దరు ముగ్గురు మనుషులు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ హైరం మాక్సిమ్ 1884లో తన తుపాకిని ప్రదర్శించాడు. అంతకు ముందు 1862 నాటి గాట్లింగ్ తుపాకిలో పిడి తిప్పాలి, తూటాలు పై నుంచి వాటి బరువుకే లోపలికి జారాలి. మాక్సిమ్ తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తినే పనిలో పెట్టాడు. ఆ తన్నుకే పాత తొడుగు బయటపడుతుంది, బెల్టు ఒక గడి ముందుకు జరుగుతుంది, కొత్త తూటా గదిలో కూర్చుంటుంది.

బ్రిటిష్ సైన్యం 1912లో తీసుకున్న వికర్స్ తుపాకి మాక్సిమ్‌ను మెరుగుపరచిన రూపమే. దాని బెల్టులో 250 తూటాలు. రెండు పొరల మందపాటి గుడ్డ, మధ్యలో తూటా దూరేంత గూళ్లు, గూటికీ గూటికీ మధ్య ఇత్తడి రేకు. మధ్య మధ్య కొన్ని రేకులు కాస్త పొడవుగా బయటికి వస్తాయి. పెట్టెలో మడతలు పెట్టినప్పుడు తూటాలు ముందుకూ వెనక్కూ జారకుండా అవి అడ్డుకుంటాయి. తూటాలన్నీ ఒకే లోతున కూర్చోవాలి. ఒక్కటి ఎగుడుదిగుడైనా తుపాకి మధ్యలో మొరాయిస్తుంది. బెల్టు నింపడానికి పిడి తిప్పే చిన్న యంత్రం ఉండేది. అది దగ్గర లేనప్పుడు 250 తూటాలనూ బొటనవేలితో నొక్కి దించాల్సిందే.

గుడ్డ బెల్టుకు అసలు శత్రువు తడి. ఆలేరు చుట్టుపక్కల మగ్గం నేసే ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, నీళ్లు తాగిన నూలు లావెక్కి బట్టను ముడుస్తుందని. వానకు తడిసిన బెల్టుకూ అదే జరిగేది. గూళ్లు బిగుసుకుని తూటా ఊడి రాదు, తుపాకి ఆగిపోతుంది. అందుకే బెల్టును పెట్టెలోనే ఉంచి మోసేవారు. నిండు పెట్టె దాదాపు 10 కిలోలు. వికర్స్ జట్టులో ఆరుగురు ఉండేవారు. మొదటివాడు ముక్కాలి పీట, రెండోవాడు తుపాకి మోస్తే, మిగతావారి చేతుల్లో ఎక్కువగా తూటాల పెట్టెలూ, గొట్టాన్ని చల్లబరిచే నీళ్లూ ఉండేవి. జట్టులో ఎక్కువ మంది కాల్చడానికి కాదు, మోయడానికే ఉన్నారన్నమాట.

గుడ్డను వదిలించింది విమానం. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం మీంచి కాల్చినప్పుడు ఖాళీ అయిన బెల్టు గాలికి కొట్టుకుని ఇబ్బంది పెట్టేది. ఇంగ్లండులోని వేమత్‌కు చెందిన ప్రైడో అనే దంతవైద్యుడు దానికి విడిపోయే ఇనుప లింకును రూపొందించాడు. ఇందులో తూటాయే సీల. పక్కపక్కనున్న రెండు లింకుల కళ్లలోంచి ఒక తూటా దూరి వాటిని కలిపి ఉంచుతుంది. తుపాకి ఆ తూటాను లాగేసుకోగానే లింకు విడిపోయి కింద పడుతుంది. బెల్టు వెనకాల మిగిలేదేమీ ఉండదు. సైనికుడికి ఇది ఇంకో రకంగా కలిసొచ్చింది. బెల్టును ఎక్కడ కావాలంటే అక్కడ తెంచుకోవచ్చు, ఇంకో ముక్కను ఒక్క తూటాతో అతికించుకోవచ్చు.

జర్మన్లు 1934లో, 1942లో తెచ్చిన తుపాకులకు మాత్రం విడిపోని ఇనుప బెల్టే వాడారు. 50 తూటాల ముక్కలను కలుపుకుంటూ పోయేవారు. 1942 నాటిది నిమిషానికి 1,200 దాకా కాల్చేది కాబట్టి దాని ఆకలి తీర్చడం దళం మొత్తం పని అయింది. రైఫిల్ పట్టినవాళ్లు కూడా దాని బెల్టులనో పెట్టెలనో వెంట తీసుకెళ్లేవారు.

భుజాల మీదుగా అడ్డంగా వేసుకున్న బెల్టులు సినిమాల్లో బాగా కనిపిస్తాయి. వియత్నాంలో అమెరికా సైనికులు నిజంగానే అలా వేసుకున్నారు. వాళ్లకు నూరేసి తూటాలు అట్టపెట్టెలో, దానికో గుడ్డ సంచి, పట్టీ కలిపి వచ్చేవి. సంచి విప్పి బెల్టును ఒంటికి చుట్టుకుంటే తీయడం తేలిక, చూడ్డానికీ దర్జా. కానీ చెమటకు లింకు తుప్పు పడుతుంది, నేల మీద పాకితే మట్టి చేరుతుంది, వంగిన లింకు తుపాకిలో ఇరుక్కుంటుంది, ఎండకు ఇత్తడి మెరిసి శత్రువుకు జాడ చెబుతుంది. ఇంత నష్టం ఉన్న దర్జా యుద్ధంలో ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి తుపాకికే తగిలించే పెట్టె, లేదా గుడ్డ సంచి. 5.56 మిల్లీమీటర్ల తుపాకికి 200 తూటాల ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. నడుస్తుంటే లోపలి తూటాలు గలగలమంటాయి. రాత్రి గస్తీలో ఆ చప్పుడే ప్రమాదం కాబట్టి చాలామంది సంచినే ఇష్టపడతారు. మిగతా బెల్టులు, విడి గొట్టం జట్టులోని రెండోవాడి వీపు మీదికి వెళ్తాయి. కాల్చేటప్పుడు బెల్టు మెలిపడకుండా అరచేతి మీద సమంగా అందించేదీ అతడే.

ఆ రెండోవాడు వెనకబడితే? 2011లో ఆఫ్ఘనిస్తాన్‌లో అయోవా నేషనల్ గార్డు సార్జెంట్ విన్సెంట్ వింకౌస్కీకి ఎదురైన ప్రశ్న ఇదే. అతడు తూటాల పెట్టెలను కలిపి వీపున మోసే చట్రానికి బిగించాడు, వాహనం మీది తుపాకికి వాడే వంగే లోహపు గొట్టాన్ని అక్కడి నుంచి చేతిలోని తుపాకి దాకా తెచ్చాడు. ఆలోచన పుట్టింది 1987 నాటి ‘ప్రిడేటర్’ సినిమా చూసి. అమెరికా సైన్యపు నాటిక్ పరిశోధన కేంద్రం 48 రోజుల్లో దానికి చక్కని నమూనా తయారుచేసింది. 500 తూటాలతో కలిపి బరువు సుమారు 20 కిలోలు. ఆగి బెల్టు మార్చుకునే పని తప్పింది గానీ, ఇద్దరి మోత ఒక్కడి వెన్ను మీదికి వచ్చింది.

భారత సైన్యంలో ఇన్సాస్ లైట్ మెషిన్‌గన్ మ్యాగజైన్‌తో పనిచేసేది. 2020 మార్చిలో ఇజ్రాయెల్‌తో 16,479 నెగెవ్ తుపాకులకు రూ.880 కోట్ల ఒప్పందం కుదిరాక, దళంలోని తేలిక తుపాకికీ బెల్టు వచ్చింది. దారి లేని కొండల్లో పెట్టెలను ఇప్పటికీ సైన్యపు కంచరగాడిదలు చేరవేస్తాయి.

మైదానంలో ఈ మోతను వాహనానికి అప్పగించవచ్చు. తెలంగాణలో అలాంటి వాహనం తయారయ్యే చోటు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం. 1984లో మొదలైన ఇక్కడి ఆయుధ కర్మాగారం సోవియట్ బీఎంపీ-2 నమూనాలో ‘శరత్’ వాహనాలను తయారుచేస్తూ వచ్చింది. శరత్‌లో ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు కూర్చుంటారు. 7.62 మిల్లీమీటర్ల మెషిన్‌గన్‌కు 2,000 తూటాలుంటాయి. 30 మిల్లీమీటర్ల ఫిరంగికి 500 గుండ్లు, రెండు వేర్వేరు బెల్టుల్లో. ఒకటి పేలే గుండ్లది, ఇంకొకటి కవచాన్ని చీల్చేవాటిది. ఏ బెల్టు కావాలో గన్నర్ అప్పటికప్పుడు ఎంచుకోవచ్చు. ఒక్కో గుండు 800 గ్రాములకు పైనే, అంటే ఫిరంగి బెల్టులే 400 కిలోలు దాటుతాయి. ఆ బరువును 300 హార్స్‌పవర్ ఇంజను మోస్తుంది గానీ, టరెట్ కింది అరల్లో బెల్టును ముక్క ముక్కగా సర్ది నింపే పని మాత్రం సిబ్బంది చేతులదే.