పాత జీపులో ఇంజను క్రింది రబ్బరులు: పరీక్ష, మార్పిడి

వరంగల్లులోని కొత్తవాడ జంపఖానాల నేతకు పేరుపడిన పేట. మగ్గము గుంజ కదలినచో నేతగాడు ఎంత నేర్పరియైనను నేత చక్కగా రాదని అచ్చటివారందరు ఎరుగుదురు. మోటారు బండికిని ఇదే న్యాయము వర్తించును.

గడచిన మిరప కాలమున ఒక రైతు, జీపు వెనుక ట్రాలీలో మిరప బస్తాలు వేసికొని ఎనుమాముల మార్కెట్టుకు బయలుదేరెను. త్రోవలో ముందు చక్రము గుంతలో పడి లేవగానే ఫ్యాను రెక్కలు రేడియేటరును కోసివేసినవి. నీరంతయు కారిపోయినది. బస్తాలను వేరొక బండిలోనికి మార్చి మార్కెట్టు చేరుసరికి ఆనాటి కొనుగోళ్లు ముగిసినవి. మరునాడు కొత్తవాడలోని ఒక మరమ్మతు షెడ్డులో ఆ జీపును నేను చూచితిని. ఇంజనును మోయు రబ్బరులలో ఒకటి నిలువున చీలియున్నది. నెల దినములుగా బండి వణకుచున్న సంగతి రైతు ఎరుగును. "పాత బండి గదా సారూ, వణకకుంటే ఏం జేస్తది?" అని ఊరకుండెనట.

ఈ రబ్బరుల పని యేమి?

తొలినాటి కారులలో ఇంజనును చాసిస్‌కు నేరుగా బోల్టులతో బిగించెడివారు. 1931లో అమెరికాలోని క్రైస్లరు సంస్థ తన ప్లిమత్ కారులో ఇంజనును రబ్బరు దిమ్మలపై నిలిపి, వణకును బాగుగా తగ్గించినది. తరువాత ఈ పద్ధతి అంతటను వ్యాపించినది. మన దేశమున మహీంద్రా సంస్థ 1947 నుండి కూర్చిన విల్లీస్ జీపులలోను ఇదే ఏర్పాటు. అట్టి జీపులలో ముందు ఇరుప్రక్కల రెండును, వెనుక గేరుబాక్సు క్రింద ఒకటియు రబ్బరులుండును. రెండు ఇనుప రేకుల నడుమ అతికించిన రబ్బరు దిమ్మనే మన మెకానిక్కులు ఫౌండేషన్ అందురు.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 750 చుట్లు తిరుగుచు నిలుకడగా నున్నప్పుడు సెకనుకు 25 మార్లు పేలును. ఆ దెబ్బలను ఈ రబ్బరు మ్రింగవలెను. ఇంజను బరువును మోయవలెను. చక్రములు త్రిప్పునపుడు కలుగు ఎదురు మెలికను ఆపవలెను. విల్లీస్ తరహా జీపులో నాలుగు చక్రములకు బలమిచ్చి లో గేరు వేసినచో చక్రముల బలము సుమారు రెండున్నర రెట్లగును. ఎదురు మెలికయు ఆ మేరకు పెరుగును. కావున బురదలో ట్రాలీని లాగు బండికి రబ్బరులు త్వరగా అరుగును.

ట్రాక్టరు నడుపువారు ఒకటి గమనింపవలెను. సాధారణముగా ట్రాక్టరులో ఇంజనే బండికి వెన్నెముక. దాని క్రింద ఇట్టి రబ్బరులుండవు. ఆ అలవాటుననే జీపు రబ్బరులను పలువురు మరచుచున్నారు.

అరిగిన గుర్తులు

ఇంజను నిలుకడగా తిరుగునపుడు బండియంతయు వణకుట, క్లచ్చి వదలునపుడును, ఇంజను ఆపునపుడును "ధన్" మని చప్పుడగుట, గేరురాడ్ ఎగిరిపడుట, సైలెన్సరు గొట్టము మాటిమాటికి పగులుట. ఇంజను సరిగా పేలకున్నను బండి వణకును. కావున రబ్బరును కంటితో చూడక క్రొత్తది కొనరాదు.

పరీక్ష

బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టుడు. ఇంజను చల్లారిన పిమ్మట రబ్బరును తుడిచి లైటుతో చూడుడు. పగుళ్లున్నవా? రబ్బరు రేకునుండి ఊడినదా? నూనె తగిలి మెత్తబడి ఉబ్బినదా? ఒక ప్రక్క ఇంజను క్రుంగినదా? తరువాత ఇంజనుకు, చాసిస్‌కు నడుమ పలుగు పెట్టి మెల్లగా ఎత్తుడు. రబ్బరు కొద్దిగా సాగుట సహజము. రబ్బరుకు రేకుకు నడుమ సందు విడినచో అది పనికిరాదు. బోల్టుల బిగువును, చాసిస్‌పై నున్న బ్రాకెట్టు పగుళ్లను కూడ చూడవలెను.

మార్చు విధము

1. బ్యాటరీ నెగెటివు తీగను ఊడదీయుడు.

2. ఇంజను నూనె చెంబర్ క్రింద వెడల్పైన చెక్క పెట్టి, దాని క్రింద జాకీ నిలుపుడు. చెక్క లేనిచో చెంబర్ సొట్టపడును.

3. ఒకేసారి రెండు ప్రక్కలు విప్పరాదు. ఒక ప్రక్క బోల్టులు విప్పి, రబ్బరుపై బరువు తొలగువరకే ఎత్తుడు. ఎత్తునపుడు రేడియేటరు గొట్టములను, ఫ్యానును, క్లచ్చి రాడ్లను గమనించుచుండవలెను.

4. జాకీని మాత్రమే నమ్మి ఇంజను క్రింద చేయి గాని తల గాని పెట్టరాదు. దిట్టమైన దిమ్మ ఒకటి ఆధారముగా నుంచుడు.

5. క్రొత్త రబ్బరు పెట్టి బోల్టులను చేతితోనే త్రిప్పి వదలుడు. రెండవ ప్రక్కయు ఇట్లే చేయుడు. ఇంజనును దింపి, బరువు సరిగా కూర్చున్న పిమ్మట స్ప్రింగు వాషర్లతో పానా వేసి బిగింపుడు.

6. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కావున ఇంజనునుండి చాసిస్‌కు పోవు ఎర్తు తీగను శుభ్రపరచి గట్టిగా బిగింపవలెను. అది వదులైనచో స్టార్టరు సరిగా త్రిప్పదు.

ముందు రబ్బరులను జతగా మార్చుట మేలు. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదియైనచో ఇంజను ఒరగును. వంద కిలోమీటర్లు నడచిన పిమ్మట బోల్టులను మరల చూడుడు.

చేయరాని పొరపాటు

పైన చెప్పిన జీపులో చీలిన రబ్బరు క్రింద ఎవరో టైరు ముక్క దూర్చి తీగతో కట్టియుండిరి. టైరు ముక్క ఎత్తును నిలుపునే గాని మెలికను ఆపజాలదు. అంతకన్న ముఖ్యమైనది, ఆ రబ్బరుపై పై మూతనుండి నూనె కారుచుండుట. నూనె సాధారణ రబ్బరునకు శత్రువు. కారుటను ఆపక రబ్బరు మార్చుట, గండి పూడ్చక చెరువు నింపుట వంటిది. అందుచే ఆ షెడ్డులో ముందుగా మూత ప్యాకింగును మార్చి, ఆ పైననే రబ్బరులు వేసిరి.

రైతు సోదరులారా! రెండు రబ్బరుల వెల కన్న రేడియేటరు వెల ఎన్నో రెట్లు. పోయిన మార్కెట్టు దినమునకు వెలయే లేదు. పంట ఇంటికి రాకమునుపే, ఒక ఉదయము తీరిక చేసికొని బండి మూత ఎత్తి చూడుడు.