పొగ సరే... చుర్రు ఏదీ?

పెల్లెట్ స్మోకర్ నిదానంగా వండుతుంది. పెనం మీద చుర్రుమనే వేడి మాత్రం ఇవ్వదు. ఆ లోటు తీర్చే పరికరం కొనాలా? అండమాన్‌లో ఈ లెక్క కాస్త వేరు.

స్వరాజ్ ద్వీప్ తీరం. 2018 చివరి వరకూ హేవ్‌లాక్ అన్న పేరుతోనే అందరికీ తెలిసిన దీవి. ఇక్కడ పది బల్లల హోటల్ నడిపే ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. వింతేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనే ఉన్నాయి. అమెరికాలోని బంధువొకరు ఆ కుటుంబానికి పెల్లెట్ స్మోకర్ పంపారు. చేపకు పొగ వాసన చక్కగా పట్టింది కానీ పైన ముదురు గోధుమరంగు పొర రాలేదు. ఫోన్లో మరో సలహా వచ్చింది: "సియరింగ్ అటాచ్‌మెంట్ కూడా కొనెయ్ బావా."

సలహా తేలికే. డబ్బు పెట్టాల్సింది మాత్రం బావగారు.

పొట్టు పొయ్యికి మనవడు

పేరు కొత్తగా ఉన్నా ఈ యంత్రం తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. ఒకప్పుడు ఇళ్లలో, కాఫీ హోటళ్లలో రంపంపొట్టు దట్టించి వెలిగించిన పొయ్యిలకు ఇది మనవడి వరస. ఆ పొట్టునే గట్టిగా నొక్కి గుళికలు చేస్తే పెల్లెట్లు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన జో ట్రేగర్ 1980ల మధ్యలో ఈ గ్రిల్‌ను రూపొందించి, 1986లో పేటెంట్ పొందారు. 2006లో ఆ గడువు తీరాక పోటీ కంపెనీలు వరస కట్టాయి. మోటారుతో తిరిగే మర గుళికలను కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి తోస్తుంది. ఫ్యాను గాలి ఊదుతుంది. వేడిని కంట్రోలర్ చూసుకుంటుంది. వంటవాడు పక్కన కూర్చోనక్కర్లేదు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మంటకూ ముక్కకూ మధ్య రేకు అడ్డంగా ఉంటుంది. చాలా మోడళ్లలో వేడి 230-260 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. అదీ వేడి గాలే తప్ప కాలిన ఇనుము కాదు. ముక్క మీద తడి ఉన్నంతసేపూ ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. ఘుమఘుమలాడే గోధుమరంగు పొర రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ వివరించిన చర్య ఇదే. గాలి వేడితో అది వచ్చేలోగా పల్చటి చేప ముక్క లోపలిదాకా ఉడికిపోతుంది.

మార్కెట్లో మూడు దారులు

మొదటిది, గ్రిల్ కడ్డీల మీద పరిచే బరువైన లోహపు పలకలు. ఇవి వేడిని పట్టి ఉంచి ముక్కకు నేరుగా అందిస్తాయి. రెండోది, అడ్డు రేకును జరిపి మంటను నేరుగా తగలనిచ్చే ఏర్పాటు. ఇది కొన్ని మోడళ్లలోనే ఉంటుంది. పైగా మంటలో కొవ్వు పడితే భగ్గుమంటుంది. మూడోది, పక్కన తగిలించే గ్యాస్ బర్నర్ పెట్టె. వేడి విషయంలో దీనికి సాటి లేదు, ఖర్చూ ఎక్కువే. అమెరికాలో అమ్మే పెట్టెను మన సిలిండర్‌కు స్థానికంగా అతికించడం ప్రమాదం. రెగ్యులేటర్, గొట్టం అమరికలు వేరు.

పొర కట్టడం వల్ల రసం లోపలే ఉండిపోతుందన్న వాదనకు మోసపోనక్కర్లేదు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ నమ్మకం తప్పని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. సియరింగ్ వల్ల వచ్చేది రుచీ రంగూ మాత్రమే. మరో సంగతి. కారం, పసుపు, అల్లం వెల్లుల్లి దట్టించిన వంజరం ముక్కను అంత వేడి మీద పెడితే చేప కంటే ముందు మసాలా మాడి చేదెక్కుతుంది. మన వేపుడుకు మధ్యస్థపు మంటే సరి.

ట్యూనా తెచ్చిన చిక్కు

మరి ఎవరికి కావాలి? పైన గోధుమరంగు, లోపల ఎరుపు కోరుకునే ట్యూనా (తూర) ప్రియులకు. ఆ ముక్కకు కావలసింది కొన్ని సెకన్ల భగభగ. అండమాన్‌కు ఇది పెద్ద విషయమే. ఇక్కడి సముద్రంలో ట్యూనా, దాని జాతి చేపలు 60,000 టన్నుల దాకా లభించే అవకాశముందని కేంద్ర మత్స్యశాఖ అంచనా. 2024లో ఈ దీవులను ట్యూనా క్లస్టర్‌గానూ ప్రకటించింది.

అయితే ట్యూనా విషయంలో అసలు ప్రమాదం పొయ్యి దగ్గర కాదు, పడవలో మొదలవుతుంది. పట్టిన చేపను వెంటనే చల్లబరచకపోతే బ్యాక్టీరియా వల్ల అందులో హిస్టమిన్ తయారవుతుంది. తిన్నవారికి ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు రావచ్చు. వండినా, పొగ పెట్టినా, గడ్డకట్టించినా హిస్టమిన్ పోదు. 480 డిగ్రీల బర్నర్ కూడా దాన్ని ఏమీ చేయలేదు.

పైగా దీవుల లెక్కలు వేరు. ప్రధాన భూభాగం నుంచి సరుకు రావాలంటే 1,200 కిలోమీటర్ల సముద్రం దాటాలి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. తేమ తగిలిన గుళికలు ఉబ్బి మళ్లీ పొట్టయిపోతాయి, మరను బిగిస్తాయి. రంపపు మిల్లు పొట్టుతో సరిపెట్టుకుందామంటే కుదరదు. మందు పూసిన కలప పొగ ఆహారానికి తగదు. అమెరికా యంత్రం 110-120 వోల్టులది, మన కరెంటు 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కలిపితే అంతే సంగతులు. ఉప్పు గాలికి తుప్పు ఎలాగూ తప్పదు.

అందుకే పరికరం కొనేముందు వంటింట్లోని బరువైన ఇనుప పెనాన్ని ఒకసారి పరీక్షించడం మేలు. స్మోకర్‌లో తక్కువ వేడి మీద పొగ పట్టించిన ముక్కను పొడిగుడ్డతో అద్ది, గ్యాస్ మీద బాగా కాలిన పెనంపై ఒక్కో వైపు అర నిమిషం ఉంచాలి. కావలసిన పొర వచ్చేస్తుంది. రోజూ పదుల సంఖ్యలో ప్లేట్లు అడిగితే, పెనం చాలకపోతే, అప్పుడు లోహపు పలకల గురించి ఆలోచించవచ్చు. గ్యాస్ పెట్టె ఆ తర్వాతి మాట.

పది బల్లల హోటల్‌కు ఈలోగా ఆ డబ్బుతో వేరే పని ఉంది: మంచి ఐస్ పెట్టె, గాలి చొరబడని గుళికల డబ్బా. బంధువుకు ఫోన్లో ఆ మాటే చెప్పొచ్చు.