టక్కుమన్న తరువాత...

మా దివిసీమ పల్లెలో ఎవరికైనా నడుము పట్టిందంటే ముందుగా కబురు వెళ్ళేది డాక్టరుగారికి కాదు, మా వీధి చివరి ఇంట్లో వుండే ఎదురుకాళ్ళ కుర్రవాడికి. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందు వచ్చినవాడు వీపు మీద కాలితో మూడుసార్లు తాకితే పట్టు వదులుతుందని మావాళ్ళ నమ్మకం. వరినాట్ల రోజుల్లో వాడికి బొత్తిగా తీరిక వుండేది కాదు. పొద్దస్తమానం బురదలో వంగి నాట్లు వేసిన ఆడవాళ్ళు సాయంత్రం అరుగు మీద బోర్లా పడుకునేవారు. పదేళ్ళ పిల్లవాడు బడిపంతులంత గంభీరంగా కాలెత్తేవాడు. తరువాత వాడి జేబు నిండా వేరుశనక్కాయలు. పెద్దలను కాలితో తన్ని దీవెనలు పుచ్చుకున్న మనిషిని నేను వాణ్ణొక్కణ్ణే చూశాను.

ఇది పల్లెటూరి మౌఢ్యమని నవ్వేముందు అమెరికా సంగతి కూడా కాస్త వినాలి. 1895లో అయోవా రాష్ట్రంలోని డేవన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన వుండేవారు. అయస్కాంత శక్తితో వైద్యం చేస్తానని చెప్పుకునే మనిషి. అదే భవనంలో శుభ్రం చేసే పనిలో వున్న హార్వీ లిలార్డ్ అనే అతనికి చెవులు సరిగా వినిపించేవి కావు. పామర్ అతని వెన్నుపూసను ఒక్క నొక్కు నొక్కి వినికిడి తెప్పించానని ప్రకటించారు. కైరోప్రాక్టిక్ అనే వైద్యం అలా పుట్టింది. గ్రీకు మాటలకు అర్థం చేతితో చేసే పని అని. వెన్నుపూస జరిగితే చెవుడు వస్తుందన్న సిద్ధాంతాన్ని నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అయినా నడుము నొప్పికి వెన్ను విరిచే ఆ పద్ధతి దేశదేశాలా పాకింది. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, మనిషిని పక్కకు తిప్పి టక్కుమనిపించే దృశ్యాలు ఎన్నయినా కనబడతాయి.

మనకూ చేతివైద్యం కొత్త కాదు. తిరుపతి నుంచి చెన్నై వెళ్ళే దారిలో పుత్తూరు వుంది. ఆ కట్టు పేరు వినని తెలుగు ఇల్లు వుండదేమో. పందొమ్మిదవ శతాబ్ది చివర కేశవరాజుగారు మొదలుపెట్టిన వైద్యమది. వేటలో కాళ్ళు విరిగిన కుందేలును ఆకులతో చుట్టి ఇంటికి తెస్తే, విప్పగానే అది గెంతిందనీ, అదే ఆ వైద్యానికి మూలమనీ కథ చెబుతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ, ఇవే అక్కడి సామగ్రి. అయితే విరిగిన ఎముకను కదలకుండా నిలపడం వేరు, బిగిసిన నడుమును సడలించడం వేరు. ఈ తేడా నాకు నా నడుమే నేర్పింది.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం వంటింట్లో గ్యాస్ బండ ఎత్తబోయి వంగినవాణ్ణి వంగినట్లే వుండిపోయాను. “ఏమండీ, లేవండి” అంటుంది మా ఆవిడ. లేవగలిగితే కదా! మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగోనాడు ఒక మిత్రుడు వెన్ను విరిచే ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాడు. టక్కుమంది. నిటారుగా నడిచి ఇంటికి వచ్చాను. వారం తిరక్కుండా కాలేజీలో పాఠం చెబుతుండగా మళ్ళీ పట్టింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ టక్కు. మూడోసారి బయలుదేరుతుంటే మా ఆవిడ, “పాలు, పేపరు, ఈ టక్కు. మూడూ ఒకే పద్దులో రాస్తానండీ” అంది.

అప్పుడు డాక్టరుగారి దగ్గరకు వెళితే ఆయన పరీక్షించి, భయం లేదని చెప్పి, ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి వయసులో నా విద్యార్థుల కంటె నాలుగేళ్ళు పెద్దది, అంతే.

“మాస్టారూ, ఆ చప్పుడు ఎముక సర్దుకున్న చప్పుడు కాదండీ. కీలు మధ్య ద్రవంలో వాయువు బుడగ కట్టే చప్పుడు. మెటికలు విరిచినా అదే వస్తుంది.”

“మరి నొప్పి తగ్గిందే!”

“తగ్గుతుందండీ. కండరం బిగువు సడలుతుంది. ఆ కాస్త వూరటలో మీరేం చేశారు?”

“ఇంటికి వెళ్ళి పడుకున్నాను.”

“అక్కడే వచ్చిందండీ చిక్కు.”

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం ఒకటి. నాలుగు కాళ్ళ మీద నిలిచి కుడిచెయ్యీ ఎడమకాలూ, తరువాత ఎడమచెయ్యీ కుడికాలూ చాచడం రెండు. ప్రతిరోజూ నడక మూడు. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచక మోకాళ్ళు వంచడం నాలుగు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు రోజూ చదవండి అని చెబుతున్న నేను, ఆ అమ్మాయి ముందు వారానికోసారి “చేయలేదండీ” అని తల వంచుకున్నాను. చివరకు సిగ్గే గెలిచింది. మూడు నెలలు బందరు కాలువ గట్టున నడిచాను. బండ ఇప్పుడూ నేనే ఎత్తుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2020 నాటికి నడుము నొప్పితో వున్నవారు 61 కోట్ల 90 లక్షలు. 2023 డిసెంబరులో ఆ సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి సూచనలు ఇచ్చింది. వ్యాయామం, రోగికి విషయం తెలియజెప్పడం, వెన్నును చేతితో సరిచేయడం, మర్దన, ఇవి వుపయోగపడవచ్చునన్నది. నడుముకు కట్టే పట్టీలనూ, బరువు కట్టి లాగే ట్రాక్షన్‌నూ మామూలుగా వాడవద్దన్నది. కాబట్టి విరుపు దోషం కాదు. విరుపొక్కటే చాలుననుకోవడం దోషం.

మన ఇళ్ళలోని కాపడాలకూ ఇందులో చోటున్నది. ఉప్పు మూట, తవుడు మూట, వావిలాకు వేసి కాచిన నీళ్ళు కండరాన్ని వదులుచేస్తాయి. ఆ వెచ్చదనంలోనే వ్యాయామం చేస్తే ఫలితం. అయితే బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు కాపడమూ, మర్దనా వద్దు. గుడ్డలో చుట్టిన ఐసుముక్క పావుగంట చొప్పున వుంచితే మేలు. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారికి కాపడం అసలే పెట్టరాదు. కాలినా వారికి తెలియదు.

ఇక ఒక మాట చెప్పక తప్పదు. మా పెద్దమ్మ స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దగ్గరలోని ఒకాయన బద్దలు వేసి బిగించి కట్టాడు. రాత్రికి వేళ్ళు వాచాయి, చల్లబడ్డాయి, నీలంగా మారాయి. “చెయ్యి నాది కానట్టుందిరా” అంది. “కట్టు పట్టిందిలే, ఓర్చుకో పెద్దమ్మా” అన్నాను. చదువుకున్నవాణ్ణి, అన్నాను. మరునాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో కట్టు కోసేసరికి ఆలస్యమైంది. చెయ్యి దక్కింది గాని పిడికిలి పూర్తిగా మూసుకోదు.

అందుకే ఈ గుర్తులు ఇంటిల్లిపాదికీ తెలిసి వుండాలి. కట్టు కట్టిన తరువాత వేళ్ళు నీలమైనా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరిగినా ఆ క్షణమే కట్టు విప్పించాలి. నడుము నొప్పితో మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు చచ్చుబడినా, జ్వరం వచ్చినా, పెద్దవయసువారు పడి నొప్పి మొదలయినా ఎవరిచేతా విరిపించకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. మెడ విషయంలో మరీ జాగ్రత్త. విసురుగా తిప్పినప్పుడు మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, వున్నాయి.

పెద్దమ్మ ఇప్పుడు రోజూ గోరువెచ్చని మైనంలో చెయ్యి ముంచి, తరువాత మెత్తని బంతి పిసుకుతుంది. సున్నుండలు చుట్టడంలో మా బంధువర్గంలో ఆమెకు సాటి లేదు. మొన్న సంక్రాంతికి పిండి తన ముందు పెట్టమంది. ఎంతోసేపు కూర్చుని ఒక్కటి చుట్టింది. నా చేతిలో పెట్టగానే అది రాలి రెండు ముక్కలైంది.

“వచ్చే ఏటికి గట్టిపడుతుందిలేరా” అంది పెద్దమ్మ.