కాలేయ కణంలో ఒక వాకిలి

రాయచూరు జిల్లాలో పత్తి విస్తారంగా పండుతుంది. ఇడపనూరు వంటి పల్లెలలో పండిన పత్తి జిన్నింగు మిల్లులకు చేరుతుంది. అక్కడి యంత్రం పత్తి నుండి గింజను వేరు చేస్తుంది. యంత్రం ఎంత మంచిదైనా, మిల్లు వాకిలి మూసి ఉంటే పత్తి బండ్లు బయటే నిలిచిపోతాయి. మనిషి కాలేయంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది.

రాత్రి జొన్నరొట్టె తిని పడుకున్న పిల్లవాడు తెల్లవారేదాకా ఏమీ తినడు. అయినా అతని మెదడు పనిచేస్తూనే ఉంటుంది. దానికి కావలసిన గ్లూకోజు అనే చక్కెరను కాలేయం సమకూరుస్తుంది. భోజనం చేసినప్పుడు మిగిలిన గ్లూకోజును కాలేయం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఆకలివేళ దానిని విడగొట్టి రక్తంలోకి పంపుతుంది.

అయితే గ్లైకోజెన్ విడిపోయినప్పుడు చివరకు ఏర్పడేది గ్లూకోజు-6-ఫాస్ఫేటు. అంటే ఫాస్ఫేటు అతుక్కుని ఉన్న గ్లూకోజు. పత్తిలో గింజ ఎటువంటిదో ఇక్కడ ఫాస్ఫేటు అటువంటిది. అది ఊడితే తప్ప గ్లూకోజు కణం దాటి రక్తంలో కలవలేదు. దానిని ఊడదీసే ఎంజైము కణంలోని అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల గదిలో పనిచేస్తుంది. ఆ పొర ముఖ్యంగా కొవ్వు పదార్థాలతో ఏర్పడినది. విద్యుదావేశం గల గ్లూకోజు-6-ఫాస్ఫేటు దానిగుండా దానంతటది పోలేదు. అందుకే ఒక వాకిలి అవసరం.

ఆ వాకిలి ఒక వాహక ప్రోటీను. అది 429 అమినో ఆమ్లాల గొలుసు. బట్టలో దారం అటూ ఇటూ దూరినట్లు, ఈ గొలుసు పొరలో పలుమార్లు అటూ ఇటూ దూరి ఉంటుంది. ఈ కుటుంబపు ప్రోటీన్లు ఒకేసారి రెండువైపులా తెరుచుకోవు. బయటివైపు తెరుచుకున్నప్పుడు చక్కెర ఫాస్ఫేటును పట్టుకుంటాయి. తరువాత ఆకారం మార్చుకుని లోపలివైపు తెరుచుకుని దానిని వదులుతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఈ వాహకం ఊడిన ఫాస్ఫేటును బయటికి తెస్తుంది. పత్తి లోపలికి పోయిన వాకిలి గుండానే గింజ బయటికి వచ్చినట్లన్నమాట.

ఈ వాకిలి సంగతి ఒక వ్యాధి వల్ల తెలిసింది. కాలేయం ఉబ్బి, రక్తంలో చక్కెర పడిపోయే ఒక వ్యాధిని 1929లో జర్మనీకి చెందిన ఫాన్ గీర్కె వర్ణించాడు. 1952లో గెర్టీ కోరి, కార్ల్ కోరి దంపతులు కొందరు రోగుల కాలేయంలో ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైము లోపించిందని కనుగొన్నారు. ఇటువంటి ఎంజైము పనిని తెలుసుకోవాలంటే ఊడిన ఫాస్ఫేటును కొలవాలి. ఫాస్ఫేటును కొలిచేందుకు ప్రపంచమంతటా వాడిన ఒక పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి రూపొందించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కాని మరికొందరు రోగులలో ఎంజైము లోపం కనిపించలేదు; వ్యాధి మాత్రం ఉంది! 1978లో జపాన్ శాస్త్రజ్ఞులు అటువంటి రోగి కాలేయపు ముక్కను పరీక్షించారు. పొరలు చెదరకుండా ఉన్నప్పుడు ఎంజైము సరిగా పనిచేయలేదు. పొరలను చెదరగొడితే చక్కగా పనిచేసింది. యంత్రం బాగానే ఉంది, వాకిలే మూసుకుపోయిందని దీనివల్ల తేలింది. ఆ వాకిలిని తయారుచేసే జన్యువును 1997లో గుర్తించారు.

వాకిలి పనిచేయని పిల్లలకు కొద్ది గంటలు తిండి లేకపోయినా ప్రమాదమే. అందుకే వారికి వైద్యుల సలహాపై ఉడికించని మొక్కజొన్న పిండి పదార్థాన్ని నీటిలో కలిపి ఇస్తారు. అది మెల్లగా జీర్ణమై గంటల తరబడి గ్లూకోజును అందిస్తుంది. 1984 నుండి ఈ చికిత్స వాడుకలోకి వచ్చింది.

ఈ పిల్లలకు తరచు అంటురోగాలు కూడా వస్తాయి. రక్తంలోని మరొక చక్కెర తెల్లకణాలలో ఫాస్ఫేటుతో కలిసి, వాకిలి లేక పేరుకుపోయి, వాటిని దెబ్బతీస్తుందని 2019లో బెల్జియం శాస్త్రజ్ఞులు తెలిపారు. మధుమేహానికి వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ ఆ చక్కెరను మూత్రంలో బయటికి పంపుతుంది. 2020లో నలుగురు రోగులకు ఆ మందు మేలు చేసినట్లు వెల్లడైంది.

కంటికి కనిపించని ఒక వాకిలి సరిగా తెరుచుకుంటేనే నిద్రపోతున్న బిడ్డ తెల్లవారి క్షేమంగా కళ్ళు తెరుస్తాడు.