పాతదగ్గు – దానిని పోషించు నూలుపోగు

మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తాతను వెంటబెట్టుకొని రాయచూరు వైద్యశాలకు పోయి వచ్చెను. తాతకు కన్నడము రాదు, వైద్యునికి తెలుగు రాదు. మనుమడే దుబాసీ. వైద్యుడు ‘కెమ్ము’ అన్నప్పుడెల్ల వీడు ‘దగ్గు’ అని చెప్పవలసి వచ్చినది. కఫమునకు మాత్రము దుబాసీ యక్కరలేకపోయినది. ఆ మాట రెండు భాషలకును ఉమ్మడి సొత్తు గదా! తిరిగి వచ్చి వాడు మమ్ము అడిగిన ప్రశ్న యిది: “క్షయ మాత్రలన్నీ అయిపోయి నాలుగేండ్లాయె గద సార్, మళ్లీ ఈ దగ్గేంది?”

మేము తెలుగు చెప్పువారము గాని వైద్యులము గాము. ఐనను తరగతిలో పుట్టిన ప్రశ్నను బాకీ యుంచుట మాకు నచ్చదు. చదివి తెలిసికొన్నదానిని విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఇచట వ్రాయుచున్నాము.

క్షయ నయమైనను అది చేసిన గాయపు మచ్చ ఊపిరితిత్తులలో మిగులును. ఆ మచ్చ లాగుటచే గాలిగొట్టములు కొన్నిచోట్ల వెడల్పయి సంచులవలె సాగిపోవును. దీనిని వైద్యులు బ్రాంకియెక్టాసిస్ అందురు. ఆరోగ్యవంతుని గాలిగొట్టములలో సన్నని నూగు కఫమును ఎప్పటికప్పుడు పైకి నెట్టుచుండును. సాగిన సంచులలో ఆ పని సాగదు. కాలువ కట్టివేసిన తరువాత గుంటలలో నీరు నిలిచినట్లు కఫము నిలిచిపోవును. 2019లో ప్రకటితమైన భారతదేశపు వివరములలో, 31 కేంద్రములలోని 2195 మంది రోగులలో మూడవవంతునకు మించి పూర్వము క్షయ వచ్చినవారే. వారి కఫములలో అన్నిటికంటె ఎక్కువగా కనబడిన సూక్ష్మజీవి సూడోమోనాస్ ఏరుజినోసా.

నోరు తిరుగని ఈ పేరునకు భయపడనక్కరలేదు. ‘ఏరుజినోసా’ యనగా చిలుము పట్టినది యని యర్థము. రాగిచెంబునకు పట్టు చిలుమువలె నీలిపచ్చని రంగును ఇది పుట్టించును. కనుక దీనిని చిలుము జీవి యందము. నీటిలోను, మట్టిలోను ఎల్లెడల నుండునదే. బలమైన ఊపిరితిత్తులను సాధారణముగా ఏమియు చేయలేదు. నిలువ కఫము దొరికినచో మాత్రము కాపురము పెట్టును. పెట్టి, తన చుట్టును జిగురుపొర యొకటి అల్లుకొనును. తుంగభద్ర యెడమకాలువ మెట్లమీద కాలు జారించు పాచిని మీరెరుగుదురు. ప్రొద్దున పండ్లపై నుండు పాచియు నట్టిదే. ఆ పాచిలోపల దాగిన సూక్ష్మజీవికి మందు అందుట కష్టము.

ఇక అసలు సంగతి. సూక్ష్మజీవులకును వైరసులు పట్టును. 1896లో హాంకిన్ అను ఆంగ్లేయుడు గంగా యమునల నీటిలో కలరా జీవులను చంపునదేదో కలదని వ్రాసెను. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ ఈ వైరసులను గుర్తించిరి. వీనికి బాక్టీరియోఫేజ్, అనగా సూక్ష్మజీవిభక్షకము, అని పేరు పెట్టినవాడు డెరెల్. శత్రువునకు శత్రువు మనకు మిత్రుడని అందరును తలచిరి. మేమును అట్లే తలచితిమి. కాని చిలుము జీవిలో నుండు ఒక భక్షకము పేరునకే భక్షకము. అది తన యింటివానిని సాధారణముగా భక్షింపదు.

దాని పేరు పి.ఎఫ్. సన్నని నూలుపోగువంటిది. పొడవు మిల్లీమీటరులో సుమారు 500వ వంతు, అనగా ఇంచుమించు తనను కన్న సూక్ష్మజీవి యంత. మందము దానిలో 300వ వంతు మాత్రమే. రోగులనుండి తీసిన చిలుము జీవులలో సగమునకు మించి దీని బీజమును తమ జన్యువులలోనే మోయుచుండును. ఇంటివానిని చంపకయే ఈ పోగులు వేలకొలది వెలికి వచ్చి కఫములో కలియును.

గోడకు మట్టి త్రొక్కునప్పుడు వరిగడ్డి యేల కలుపుదురు? మట్టి విడిపోకుండ పట్టి యుంచుటకు. ఈ పోగులును కఫములో నట్టి పనియే చేయును. పడుగు నూలువలె ఒకదాని ప్రక్క నొకటి వరుసగా పేరుకొని పాచిని మరింత చిక్కగాను, జిగటగాను చేయునని 2015లో తేలినది. పైగా పోగులకు ఋణవిద్యుత్తు గలదు. టోబ్రామైసిన్ వంటి మందులకు ధనవిద్యుత్తు గలదు. కనుక మందు సూక్ష్మజీవిని చేరకమునుపే పోగులకు అంటుకొని నిలిచిపోవును.

దీనికంటెను మాకు ఆశ్చర్యము గొలిపినది మరొక మోసము. 2019లో స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయమున పాల్ బోలికీయు, ఆయన సహచరులును దీనిని ఎలుకలలోను, మానవకణములలోను చూచిరి. మన తెల్లకణము ఈ పోగును మ్రింగినప్పుడు ‘వైరసు వచ్చినది’ అని గ్రహించి వైరసులతో పోరాడు ఏర్పాటులోనికి మారిపోవును. అప్పుడు సూక్ష్మజీవులను మ్రింగుపని మందగించును. దొంగ వాకిట నున్నాడు; కావలివాడు దొడ్డిదారికి పరుగెత్తినాడు! అదే సంవత్సరము సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పుట్టుకవ్యాధి గలవారి కఫమును పరీక్షింపగా, పి.ఎఫ్. పోగులున్నవారిలో మందులకు లొంగని చిలుము జీవులు ఎక్కువగా కనబడినవి.

భక్షకములన్నియు ఇట్టివే యనరాదు. 2018లో లండనులో మందులకు లొంగని సూక్ష్మజీవిచే బాధపడుచున్న 15 ఏండ్ల బాలికకు మూడు భక్షకములను కలిపి యెక్కించిరి. వానిలో నొకటి దక్షిణాఫ్రికాలోని డర్బనులో కుళ్లిన వంకాయనుండి దొరికినది! ఆమె పుండ్లు మానెను, కొన్నియేండ్లు కోలుకొనెను, 2022లో మరణించెను. ఇట్టి చికిత్స నేటికిని సామాన్య వైద్యశాలలలో దొరకునది కాదు. ఏ భక్షకము చంపును, ఏది కాపాడును అని ముందుగా తేల్చుకొనక వాడరాదు.

మన విద్యార్థి తాత సంగతి. రెండువారములు మించిన దగ్గుకు మొదట క్షయ పరీక్ష చేయుట వాడుక. క్షయ తిరిగి రావచ్చును గదా. అది లేదని తేలిన తరువాత కఫమును పెంచి చూచిరి. కొన్నాళ్లకు ఫలితము వచ్చినది: చిలుము జీవియే. అంతవరకు ఆ యింటివారు అంగడిలో దగ్గుమందు సీసాలు కొని పోయుచుండిరి. ఇప్పుడు వైద్యుడు తగిన మందిచ్చి, దానితోపాటు కఫము నిలువకుండ ప్రతిదినము వెలికి తెచ్చుకొను శ్వాసాభ్యాసమును నేర్పినాడు. ఉదయమున తాత గట్టుమీద కూర్చుండి నిదానముగా ఊపిరి పీల్చును. ప్రక్కన మనుమడు ‘ఒందు, ఎరడు, మూరు’ అని లెక్కించును. వైద్యుడు కన్నడములో నేర్పెను గనుక తాతయు కన్నడములోనే లెక్క కావలెనని పట్టుబట్టెనట.