ఉక్కు – టైటానియము : ఏది గట్టిది?



మొన్న నిర్మల్ సంతనుండి మా గ్రామపు పెద్ద యొకరు పసిడిచాయ గల కత్తి నొకటి తెచ్చి, "పంతులుగారూ, ఇది టైటానియమట. ఉక్కుకంటె పదిరెట్లు గట్టిదని చెప్పి నాలుగింతల వెల తీసికొనిరి. నిజమేనా?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగము.

ఉక్కు మనకు క్రొత్త కాదు. గోదావరి కావల, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి కమ్మరులు పూర్వము ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతవేసి, కొలిమిలో చిరకాలము కాచి ఉక్కుముద్దలు తీయుచుండెడివారు. వానిని కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరని, 1820 ప్రాంతమున ఆ గ్రామమును చూచిన వాయిసీ అను ఆంగ్లవైద్యుడు వ్రాసియున్నాడు. ఇనుమున నూటికి సుమారు ఒకటిన్నర పాలు బొగ్గుసారము కలియుటచే ఆ యుక్కు ఏర్పడెడిది. ఆ కాలముననే లండనులో ఫారడే మన దేశపు టుక్కును పరీక్షించి, ఉక్కున ఇతర లోహములను కలిపి చూచెను. క్రోమియము, నికెలు మొదలగునవి కలిపిన యుక్కునే నేడు మిశ్రమ ఉక్కు అందురు.

టైటానియము 1791లో ఇంగ్లండున కనుగొనబడినది. శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరముల నల్లయిసుకలో దీని ఖనిజము కలదు. ఖనిజమునకు కొఱత లేదు. లోహమును వేరుచేయుటయే కష్టము. ఎఱ్ఱగా కాగినచో ఇది గాలిని పీల్చుకొని పెళుసగును. కావున గాలి తీసివేసిన కొలుములలో కరగింపవలెను. దీని వెల హెచ్చుటకు కారణ మిదియే. 1973లో హైదరాబాదున స్థాపింపబడిన మిశ్రధాతు నిగమున ఈ రెండు విధముల లోహములును తయారగుచున్నవి.

ఇక బలాబలములు చూతము. ఎనిమిది కిలోల ఉక్కు గడ్డపారను అదే పరిమాణమున టైటానియముతో చేసినచో నాలుగున్నర కిలోలే తూగును. నూటికి ఆరుపాళ్లు అల్యూమినియము, నాలుగుపాళ్లు వెనేడియము కలిసిన టైటానియపు తీగె చదరపు మిల్లీమీటరునకు సుమారు 90 కిలోల బరువు మోయును. పదునుపట్టిన మిశ్రమ ఉక్కు 100 మొదలు 150 వఱకు మోయగలదు. అనగా పరిమాణమున ఉక్కుదే పైచేయి; తూకమును బట్టి చూచినచో టైటానియము తరచుగా మిన్న. కాని ఒకే బరువునకు అది ఉక్కుకంటె ఇంచుమించు రెండింతలు వంగును. ఒరపిడికి త్వరగా అరుగును. వాదర చాలకాలము నిలువదు. ఉప్పునీట మాత్రము తుప్పు పట్టదు.

కనుకనే శ్రీహరికోటనుండి ఎగయు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టునకు మొదటి యంతస్తు కవచము మిశ్రమ ఉక్కుతోను, పై యంతస్తున ఇంధనపు తొట్లు టైటానియముతోను చేయుదురు. విఱిగిన యెముకకు వేయు పట్టీకి టైటానియము తగును. నాగటి కఱ్ఱునకు, కొడవలికి ఉక్కే తగును.

పిమ్మట ఆ కత్తికి అయస్కాంతము చూపితిని; చటుక్కున అంటుకొనెను. టైటానియము అట్లంటుకొనదు. అది ఉక్కు కత్తియే. పసిడి పూత మాత్రము టైటానియమును నత్రజనియు కలిసినది. గట్టిదే గాని వెండ్రుకకంటె పలుచన, నూరినచో వాదరనుండి పోవును. పెద్దలు చిన్నబోయిరి. "అయ్యా, విచారింపకుడు. కోయుటకు మీకు దక్కినది ఉక్కే. ఇకముందు ఏది గట్టిదని గాక, ఏ పనికి ఏది తగునని యడిగి కొనుడు" అంటిని.