బాలురకు కల్లు చవిచూపుట తగునా?

పంటలను గూర్చి వ్రాయు ఈ పుటలలో త్రాగుడును గూర్చి వ్రాయుటకు కారణము గలదు. మలక్‌పేట గంజునకు సరకు తెచ్చు రైతుల కుమారులు పలువురు సైదాబాదు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలో గదులు అద్దెకు తీసికొని చదువుకొనుచున్నారు. వారిలో నొకడు త్రాగుడు మరగినచో, పట్నము చెఱచినదని తండ్రి విచారించును. కాని విత్తనము పట్నముననే పడినదా? పెక్కుచోట్ల అది ఇంటి వాకిటనే పడుచున్నది.

పండుగనాడు, పెండ్లినాడు, దినమునాడు మన ఇండ్లకు కల్లు వచ్చును. పెద్దలు త్రాగుచు చెంతనున్న పిల్లవానికి ఒక గుక్క పోయుదురు. చలువ చేయునని కొందఱందురు. ఇంటిలో మితముగా నేర్చినవాడు వెలుపల మితిమీఱడని మఱికొందఱందురు.

ఈ రెండవ మాట పరీక్షకు నిలువలేదు. ఆస్ట్రేలియాలో 2010 మొదలు 2016 వఱకు 1,927 మంది బాలబాలికలను ఏటేట విచారించి చూచిరి. తల్లిదండ్రులే మద్యమిచ్చుటవలన పిల్లలకు ఎట్టి రక్షణయు కలుగలేదు; పైగా అట్టివారు ఇతరులనుండియు మద్యము పొందుట అధికమయ్యెను. అమెరికాలో 1997లో ప్రకటింపబడిన విచారణలో, 15 ఏండ్లు నిండకమునుపే త్రాగనారంభించినవారిలో నూటికి సుమారు 40 మంది ఎప్పుడో ఒకప్పుడు మద్యమునకు బానిసలైరి. 20 ఏండ్లు దాటి ఆరంభించినవారిలో సుమారు 10 మంది. వంశము, సావాసము మొదలగు కారణములును ఇందు గలవు. అయినను వయస్సు వ్యత్యాసము ఉపేక్షింపదగినది కాదు.

మనుష్యుని మెదడు ఇంచుమించు 25 ఏండ్ల వఱకు ఎదుగుచుండును. కోరికను అదుపుచేయు భాగము అన్నిటికంటె కడపట పరిపక్వమగును. నారుమడిలోనే వేరు దెబ్బతిన్న నారు పిదప ఎంత ఎరువు వేసినను తగినట్లు పిలకవేయదని మీరెఱుగుదురు. ఇదియు అట్టిదే.

కల్లు చెట్టు రసమే గదా యనరాదు. దింపిన కొలది గంటలలోనే అది పులిసి మత్తుసారము పుట్టును. తీపి యున్నంతమాత్రమున మత్తు లేదనుకొనరాదు. అంగళ్ల కల్లులో కొన్నిచోట్ల క్లోరల్ హైడ్రేటు, ఆల్‌ప్రజోలము కలుపుచున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి కొందఱు మరణించిరి. ఇట్టి కల్లునకు అలవడినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు, మతిభ్రమము కలుగవచ్చును. అట్టివానిని గదిలో బంధింపక ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల వంటి ఆసుపత్రికి వెంటనే కొనిపోవలెను.

తెలంగాణలో 21 ఏండ్లు నిండనివారికి మద్యము విక్రయించుట నేరము. కాని శాసనము ఇంటిలోనికి రాదు. ఆంధ్రప్రదేశమున 1995లో విధించిన సంపూర్ణ మద్యనిషేధము 1997లోనే సడలింపబడినది. ఇంటి కట్టుబాటును ఎవరును సడలింపలేరు.

ఇది గీతపనివారి జీవనమునకు అడ్డు కాదు. సున్నము పూసిన కుండలో పట్టి, తెల్లవాఱకమునుపే దింపిన నీరా పులియదు. తాటిబెల్లమునకును అదియే మూలము. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున 2023లో నీరా కేఫ్ తెఱవబడినది.

కావున సభ్యులు మూడు నియమములు పాటింతురుగాక. పిల్లలకు ఏ పండుగనాడైనను గుక్కయైనను పోయరాదు. కల్లు తెమ్మని బాలుని అంగడికి పంపరాదు. పట్నమునకు పంపుటకు ముందే కుమారునితో ఈ విషయము దాపరికము లేక మాటాడవలెను. మొక్కై వంగనిది మానై వంగునా?